సిస్టరు చూసినందుకు బిల్లెందుకు? దీర్ఘకాల జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కొన్ని మాటలు

గడచిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఓ.పి. మూసే వేళకు, తాండూరు వైపు పల్లె నుంచి ఒక తల్లి తన పదకొండేళ్ల కొడుకును భుజానికి ఆనించుకొని వచ్చింది. బాబుకు ఆయాసం. పాదాలు వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని రాత్రంతా కూర్చోబెట్టిందట. ఆ బాబు మాకు కొత్తవాడు కాదు. కీళ్లవాతపు జ్వరం వల్ల గుండె కవాటం దెబ్బతిన్న పిల్లవాడు. ఇరవై ఒక్క రోజులకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవలసినవాడు. రిజిస్టరు తీసి చూస్తే వరుసగా మూడు సూదులు తప్పాయి.

డాక్టరుగారు వెంటనే చేర్చుకున్నారు. సాయంత్రం కాస్త తెరిపి పడ్డాక మా సిస్టరు ఆ తల్లి పక్కన కూర్చొని, "ఎందుకమ్మా ఆపేశారు?" అని మెల్లగా అడిగింది. ఆమె చెప్పిన జవాబు ఇది:

"సూదికి వచ్చినప్పుడల్లా కొత్త చీటీ రాయించుకొమ్మంటిరి సిస్టరమ్మా. సూది పైసలు తక్కువే, చీటీ పైసలే ఎక్కువైతున్నయి. పిల్లగాడు ఆడుకుంటనే ఉన్నడు గదా, జర పైసలు చేతికి వచ్చినంక పోదామని ఆగినం."

ఆ మాట విన్నాక మేము మా కౌంటరులోని పాత రసీదులు తీసి చూశాము. ఆమె చెప్పింది నిజమే. డాక్టరుగారిని చూడవలసిన పని లేని రోజున కూడా డాక్టరు చీటీ రాసి డబ్బు తీసుకున్నాము. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. సిస్టరు ఒక్కరే చూసి పంపే రాకడకు మా బిల్లు పుస్తకంలో గడి అంటూ లేదు, అందుకని రాసేవారు ఉన్న గడిలోనే రాస్తూ పోయారు. బాబు పన్నెండు రోజులకు ఇంటికి వెళ్లాడు. అయితే కవాటం మునుపటికంటే ఎక్కువ దెబ్బతిన్నదని ఎకో పరీక్షలో తేలింది.

అందుకే ఈ సంచికలో జబ్బు గురించి కంటే బిల్లు గురించి ఎక్కువగా రాస్తున్నాము. బిల్లు అర్థంకాక వైద్యం మానుకున్న కుటుంబం అదొక్కటే కాదని మాకు తెలుసు.

ఫాలో-అప్ రోజున సిస్టరు ఏమి చేస్తుంది?

"ఏం చేసిండ్రు? బరువు చూసి పంపిండ్రు" అని చాలామంది అంటారు. పైకి అలాగే కనబడుతుంది. నిజానికి ఆ పది, పదిహేను నిమిషాల్లో జరిగే పని వేరు. కొన్ని ఉదాహరణలు చూడండి.

గుండె కవాటం జబ్బు: పెన్సిలిన్ సూది వేయకముందు పాత సూదికి ఏమైనా పడలేదా అని అడుగుతుంది. నాడి, ఊపిరి లెక్కిస్తుంది. పాదాల వాపు నొక్కి చూస్తుంది. గొంతు నొప్పి, కీళ్ల నొప్పి వచ్చాయా అని కనుక్కుంటుంది. సూది వేశాక అరగంట కూర్చోబెట్టి గమనిస్తుంది. ఆ అరగంట వృథా కాదు. పెన్సిలిన్ పడనివారికి ప్రమాదం వచ్చేది సాధారణంగా ఆ కాసేపట్లోనే.

మూర్ఛ: నెలలో ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, ఏ పూట మందు తప్పింది అని రాసుకుంటుంది. బరువు తప్పకుండా చూస్తుంది. ఎందుకంటే పిల్లలకు మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగిన పాపకు పాత మోతాదే ఇస్తూ ఉంటే, మందు వేసుకుంటున్నా ఫిట్స్ వస్తాయి.

చిన్నపిల్లల షుగరు: ఇది పెద్దలకు వచ్చే షుగరు లాంటిది కాదు. ఇన్సులిన్ లేకపోతే బిడ్డ బ్రతకడు. సిస్టరు గ్లూకోమీటరులోని అంకెలు చూస్తుంది. సూది వేసే చోట గడ్డలు కట్టాయేమో తడిమి చూస్తుంది. అక్కడే మళ్ళీ మళ్ళీ వేస్తే ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు మట్టికుండలో ఇన్సులిన్ ఎలా దాచుకోవాలో చెబుతుంది. మూడు నెలల సగటు షుగరు తెలిపే రక్తపరీక్ష ఎప్పుడు రావాలో గుర్తు చేస్తుంది.

ఉబ్బసం: ఇన్హేలరు ఎలా పీలుస్తున్నాడో తన ఎదుటే పీల్చమంటుంది. మందు మారిస్తే తప్ప తగ్గదని అనుకున్న ఉబ్బసం, పీల్చే పద్ధతి సరిచేస్తే తగ్గిన సందర్భాలు మేము ఎన్నో చూశాము.

ఒళ్లు వాచే కిడ్నీ జబ్బు: దీన్ని నెఫ్రోటిక్ జబ్బు అంటారు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయేమో పట్టీతో పరీక్షిస్తుంది. ఇంట్లో రాసిన రోజువారీ పుస్తకం చూస్తుంది. బరువు, రక్తపోటు చూస్తుంది. మళ్ళీ వాపు రాకముందే జబ్బు తిరగబెట్టిందని ఇలాగే పట్టుకోగలుగుతాము.

ఇందులో ఏది తేడాగా ఉన్నా సిస్టరు అదే రోజున డాక్టరుగారి దగ్గరకు పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే పంపదు. "డాక్టరు చూడనే లేదు, మరి ఆ పైసలెందుకు?" అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. డాక్టరును చూడనక్కరలేదని తేల్చడం కూడా ఒక పరీక్షే. దానికి చదువు, అనుభవం, సమయం కావాలి.

మంచం మీది వైద్యం, ఇంటి వైద్యం

మన అనంతగిరి కొండ మీది శానిటోరియం సంగతి పెద్దలకు తెలుసు. నిజాం కాలం నుంచి క్షయ రోగులు ఆ చెట్ల గాలిలో నెలల తరబడి ఉండేవారు. అప్పట్లో వైద్యం అంటే మంచం, తిండి, గాలి, విశ్రాంతి. అన్నీ ఒకచోటే, లెక్క కూడా ఒకచోటే.

తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశీలన మొదలుపెట్టారు. కొందరు క్షయ రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఒకే రకం మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్నవారు కూడా ఇంచుమించు అంతే బాగుపడ్డారు. ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటికి మారడానికి ఆ మద్రాసు పని ఒక పెద్ద కారణం.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. రోగి ఇంట్లో ఉన్నాడంటే వైద్యం తగ్గిందని కాదు. మందు మింగాడా, బరువు పెరిగాడా అని చూసే మనిషి ఒకరు ఉన్నారు కాబట్టే ఇంటి వైద్యం ఫలించింది. మంచానికి రోజుకింత అని బిల్లు ఉంటుంది. ఇంట్లో ఉన్న రోగిని కనిపెట్టి ఉండే పనికి మాత్రం బిల్లు పుస్తకంలో చాలాకాలం పేరు లేదు. ఈనాడు మూర్ఛ, షుగరు, గుండెజబ్బు ఉన్న పిల్లలు కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంట్లోనే ఉంటారు. వారికి జరిగే వైద్యంలో పెద్ద భాగం సిస్టరు చేతి మీదుగానే జరుగుతుంది.

బయటి దేశాల్లో ఎలా?

మన సంఘ కుటుంబాల్లో నుంచి బయటి దేశాలకు వెళ్లిన నర్సులు సెలవులకు వచ్చినప్పుడు ఈ విషయం చెబుతుంటారు. అమెరికాలో ప్రతి వైద్య పనికి ఒక అంకె ఉంటుంది. డాక్టరు ఎదుట లేకపోయినా, పాత రోగిని సిబ్బంది చూసి పంపినందుకు రాసే అంకె 99211. ఈ పద్ధతి 1992 నుంచి ఉంది. అయితే వృద్ధుల ప్రభుత్వ బీమాలో దానికి షరతులున్నాయి. ముందుగా డాక్టరు ఆ రోగిని చూసి వైద్యం నిర్ణయించి ఉండాలి. నర్సు చేసిన పని డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. ఏమి చూశారో కాగితం మీద రాసి ఉండాలి. రాత లేకపోతే డబ్బు రాదు. 2015 నుంచి ఒకటికంటే ఎక్కువ దీర్ఘకాల జబ్బులున్నవారి కోసం నెలలో కనీసం ఇరవై నిమిషాలు ఫోను మీద, కాగితాల మీద సిబ్బంది చేసే పనికి కూడా ఆ బీమా వేరుగా చెల్లిస్తోంది.

ఇంగ్లండులో 1948 నుంచి ప్రభుత్వ వైద్య సేవ ఉంది. అక్కడ నర్సు దగ్గరకు వెళ్లిన బిడ్డ తల్లి చేతికి బిల్లు రాదు. ఖర్చు పన్నుల నుంచి వస్తుంది.

మన దేశంలో నర్సు పేరిట వేరుగా బిల్లు రాసే అలవాటు తక్కువ. అది ఓ.పి. చీటీలోనో, సూది చార్జీలోనో, ప్యాకేజీలోనో కలిసిపోతుంది. కలిసిపోవడం వల్ల రెండు నష్టాలు. ఒకటి, ఆ పని విలువ కనబడదు. రెండు, చిన్న పనికి పెద్ద చీటీ పడే అవకాశం ఉంది. మా దగ్గర జరిగిన పొరపాటు ఈ రెండవదే.

లెక్క వేసి చూద్దాం

ఇవి అర్థం కావడం కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. ఏ ఆసుపత్రి రేట్లూ కావు.

ఇరవై ఒక్క రోజులకు ఒక సూది అంటే ఏడాదికి సుమారు 18 రాకడలు. ప్రతిసారీ డాక్టరు చీటీ 100 రూపాయలు అనుకుంటే 18 సార్లకు 1,800 రూపాయలు. అలాకాక డాక్టరుగారిని మూడు నెలలకొకసారి, అంటే ఏడాదికి 4 సార్లు చూపించుకొని, మిగిలిన 14 సార్లు సిస్టరు రాకడకు 30 రూపాయల చొప్పున ఇస్తే, 400, 420 కలిపి 820 రూపాయలు అవుతుంది. తేడా 980 రూపాయలు. కూలి చేసుకొనే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

చీటీ డబ్బుతోనే ఖర్చు అయిపోదు. ఒకరోజు కూలి పోతుంది. మందులు, తిండి, దారి ఖర్చు ఉంటాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి, ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించారు. దీనివల్ల తల్లుల భారం కొంత తగ్గింది. తాండూరు, ధారూరు వైపు నుంచి వచ్చే తల్లులు గుర్తింపు కార్డు మరచిపోకుండా తెచ్చుకోవాలి.

ఏ పథకంలో ఏది వస్తుంది?

మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. "కార్డు ఉంది కదా, అన్నీ ఉచితం కావా?" అని. కార్డు ఉంటే చాలా మేలు. కాని కార్డు చేసేది ఏమిటో, చేయనిది ఏమిటో తెలుసుకోవాలి.

ఆరోగ్యశ్రీ: ఈ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తరువాత రాష్ట్రమంతటా వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల దాకా పెంచారు. ఇది ముఖ్యంగా జాబితాలో ఉన్న ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరి చేయించుకొనే వైద్యాలకు. ప్యాకేజీలో ఇంటికి పంపిన తరువాత పది రోజుల మందులు కూడా కలిసి ఉంటాయి.

పది రోజుల తరువాత ఏమిటి? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. ఆపరేషన్ అయ్యాక ఎక్కువకాలం మందులు, పరీక్షలు అవసరమయ్యే కొన్ని వైద్యాలకు ఉమ్మడి రాష్ట్రంలోనే ఫాలో-అప్ ప్యాకేజీలు పెట్టారు. అప్పట్లో అలాంటివి 125 రకాలు. వాటిలో ఏడాదిపాటు డాక్టరు చూడడం, పరీక్షలు, మందులు ఉంటాయి. ఆ డబ్బు ఆసుపత్రికి ట్రస్టు ఇస్తుంది, రోగి ఇవ్వనక్కరలేదు. పుట్టుచెవుడు పిల్లలకు చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్‌లో, తరువాత మాటలు నేర్పే శిక్షణ కూడా వైద్యంలో భాగమే. పరికరం పెట్టి శిక్షణ మానేస్తే ఆ బిడ్డకు మాట రాదు.

జాబితాలు, రేట్లు ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. కనుక మీ బిడ్డకు ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ఈ రెండు ప్రశ్నలు అడిగి జవాబు రాయించుకోండి: "మా బిడ్డ వైద్యానికి ఫాలో-అప్ ప్యాకేజీ ఉందా? ఉంటే ఏ తేదీ దాకా?"

ఆపరేషన్ లేని మూర్ఛ, ఉబ్బసం, షుగరు వంటి జబ్బులకు నెలనెలా ఓ.పి.లో చూపించుకొనే ఖర్చు ఈ కార్డు మీద సాధారణంగా రాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాత్రం ఓ.పి., మందులు ఉచితం. వికారాబాదు, తాండూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు తీసుకొంటూ, మా దగ్గర బరువు, సూది చూపించుకొనే కుటుంబాలు ఉన్నాయి. అందులో తప్పు లేదు. రెండు చోట్ల కాగితాలు ఒకే ఫైలులో పెట్టుకోండి, అది చాలు.

ఆయుష్మాన్ భారత్: తెలంగాణ 2021లో ఇందులో చేరింది. ఇది కూడా ఆసుపత్రిలో చేరిన వైద్యానికే. ఇంటికి వచ్చాక పదిహేను రోజుల దాకా ఖర్చు కలుస్తుంది. నెలవారీ ఓ.పి. కలవదు.

బడి పిల్లల ఆరోగ్య తనిఖీ: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను చూస్తారు. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి బృందాలు వస్తాయి. పుట్టుకతో వచ్చిన గుండె లోపం, వినికిడి లోపం, ఎదుగుదల ఆలస్యం వంటివి కనబడితే పై ఆసుపత్రికి ఉచితంగా పంపుతారు. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి. పాత చీటీలు సంచిలో పెట్టి పంపండి.

నిరామయ: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు 2008లో పెట్టిన బీమా. ఏడాదికి లక్ష రూపాయల దాకా. దీని ప్రత్యేకత ఏమిటంటే ఓ.పి. వైద్యం, పరీక్షలు, వ్యాయామ చికిత్స వంటివి కూడా పరిమితుల మేరకు కలుస్తాయి. అయితే ముందు మనం డబ్బు కట్టి, అసలు బిల్లులు పంపి, తరువాత తిరిగి తీసుకోవాలి. ప్రతి రాకడకు వివరం రాసిన బిల్లు లేకపోతే ఆ డబ్బు రాదు. అందుకే చిన్న రసీదునైనా పారవేయవద్దని మరీ మరీ చెబుతున్నాము.

తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇవి కూడా ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వ రక్తనిధుల్లో ఈ పిల్లలకు రక్తం ఉచితం. రక్తం ఎక్కించే ముందు సిస్టరు చూసే హెమోగ్లోబిన్, బరువు, జ్వరం వివరాలను ఒక పుస్తకంలో రాయించుకోండి.

ఇ.ఎస్.ఐ.: తాండూరు సిమెంటు కంపెనీల్లో, నాపరాతి పాలిషింగు యూనిట్లలో పనిచేసే కుటుంబాలు దీన్ని మరచిపోతుంటాయి. 2017లో వేతన పరిమితిని నెలకు 21,000 రూపాయలు చేశారు. ఇ.ఎస్.ఐ. కోత పడుతున్న కార్మికుని పిల్లలకు ఓ.పి. వైద్యం, మందులు కూడా వస్తాయి. జీతం చీటీలో కోత పడుతున్నా కార్డు తీసుకోనివారు ఉన్నారు. వెంటనే అడిగి తీసుకోండి.

క్షయ: పిల్లలకైనా పెద్దలకైనా ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వడం మరువకండి.

ప్రైవేటు బీమా: ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరిన వైద్యానికే. ఇంటికి వచ్చాక పాలసీలో రాసినన్ని రోజుల వరకే, అదీ చేరిన జబ్బుకు సంబంధించిన ఖర్చే ఇస్తారు. ఆ రోజుల్లోపు సిస్టరు చూసిన రాకడలకు కూడా రసీదు తీసుకోండి.

బిల్లు ఇలా చదవండి

బిల్లు చేతికి రాగానే మడిచి కొంగున కట్టుకోకండి. కౌంటరు దగ్గరే నిలబడి ఐదు విషయాలు చూడండి.

1. బిడ్డ పేరు, ఓ.పి. నంబరు, తేదీ సరిగా ఉన్నాయా?

2. "డాక్టరు కన్సల్టేషన్" అని ఉంటే, ఈ రోజు డాక్టరు చూశారా? చూడకపోతే అడగండి.

3. సూది, పరీక్ష, మందు, సిస్టరు రాకడ వేరువేరుగా రాశారా? "ఇతరములు" అని ఒకే అంకె వేస్తే ఏమిటని అడగండి.

4. పాత చీటీ గడువు ఉందా? చాలా ఆసుపత్రుల్లో ఒకసారి తీసుకున్న చీటీ కొన్ని రోజులు చెల్లుతుంది. ఎన్ని రోజులో అడిగి దాని మీదే రాయించుకోండి.

5. పన్ను వేశారా? ఆసుపత్రిలో డాక్టరు, నర్సు చేసే వైద్య సేవ మీద జి.ఎస్.టి. లేదు. ఓ.పి.లో కొనే మందుల ధరలో అది కలిసే ఉంటుంది.

అడగడం మర్యాద తప్పడం కాదు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో రేట్లు తెలుసుకొనే హక్కు, వివరంగా బిల్లు పొందే హక్కు ఉన్నాయి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. సిస్టరు రాసిన నోటు కూడా రికార్డే. ఊరు మారేటప్పుడు, హైదరాబాదు నిలోఫరు వంటి పెద్ద ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు మీ మాటకంటే ఎక్కువ చెబుతాయి.

మేము ఏమి మార్చుకున్నాము?

ఆ బాబు విషయం తరువాత మేము కూర్చొని మాట్లాడుకున్నాము. బిల్లు పుస్తకంలో "సిస్టరు రాకడ" అని కొత్త గడి పెట్టాము. దీర్ఘకాల జబ్బున్న పిల్లలకు ఒక పుస్తకం ఇస్తున్నాము. అందులో డాక్టరుగారు తరువాత ఎప్పుడు తాను చూడాలో, ఈలోగా సిస్టరు ఎన్నిసార్లు చూడాలో ముందే రాసి సంతకం చేస్తారు. ఆ పుస్తకం చూపితే కౌంటరులో డాక్టరు చీటీ రాయరు. సిస్టరు డాక్టరుగారి దగ్గరకు పంపితే మాత్రం ఆ రోజు చీటీ పడుతుంది. ఎందుకు పంపిందో పుస్తకంలో రాస్తుంది.

డబ్బు తీసుకోకుండా అంతా ఉచితంగా చేయవచ్చు కదా అని కొందరు పెద్దలు అడిగారు. నిజాయితీగా చెబుతున్నాము. సిస్టర్ల జీతాలు, సూదులు, కరెంటు ఈ చిన్న రుసుముల నుంచే నడుస్తాయి. ఇవ్వగలిగినవారు ఇస్తేనే ఇవ్వలేనివారికి తగ్గించగలము. ఇవ్వలేని స్థితి ఉంటే సూపరింటెండెంటుగారికి గాని, మీ పాస్టరుగారి ద్వారా గాని ముందుగా తెలియజేయండి. సిగ్గుపడి ఇంట్లో ఉండిపోవద్దు. బాకీ తరువాత తీర్చుకోవచ్చు. తప్పిపోయిన సూది మాత్రం వెనక్కి రాదు.

ఇవి మరువకండి

ఆయాసం, ఆగని ఫిట్స్, మత్తుగా పడి ఉండడం, షుగరు పిల్లల్లో వాంతులతో పాటు వేగంగా ఊపిరి, పాదాలు ముఖం వాయడం వంటివి కనబడితే ఫాలో-అప్ తేదీ కోసం చూడకండి. 108కి ఫోను చేయండి, అది ఉచితం. ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందు వైద్యం, తరువాతే డబ్బు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

నవంబరులో ధారూరు జాతరకు, కోతల కాలంలో పనులకు వెళ్లేవారు సూది తేదీ మధ్యలో పడుతుందేమో ముందే చూసుకోండి. ఒకటి రెండు రోజులు ముందుగా వచ్చి వేయించుకోవచ్చేమో సిస్టరును అడగండి. మందులు అయిపోయాక కాదు, ఇంకా వారానికి సరిపడా ఉన్నప్పుడే రండి.

చివరిగా ఆ బాబు సంగతి. ఇప్పుడు తల్లి ఇరవై ఒక్క రోజులకు తప్పకుండా తీసుకొని వస్తోంది. ఆమెకు చదువు రాదు. వాడే పుస్తకంలో తేదీ చదివి ఆమెకు చెబుతాడు. మొన్న వచ్చినప్పుడు కౌంటరు దగ్గర బిల్లు తీసుకొని కొడుకు చేతికిచ్చి, "డాక్టరు పైసలు రాసిండ్రా చూడు బిడ్డా" అంది. రాయలేదు. ఇద్దరూ లోపలికి వెళ్లి సూది వేయించుకొని, అరగంట బెంచీ మీద కూర్చొని, తాండూరు బస్సుకు వెళ్లారు.

ప్రతి తల్లీ బిల్లును అలా చదివించుకోవాలని కోరుతున్నాము. మా వైపు పొరపాటు కనబడితే వెంటనే చెప్పండి. సరిచేసుకుంటాము. కాని బిల్లుకు భయపడి బిడ్డ తేదీ మాత్రం తప్పనివ్వకండి.